నాలుగో మర

నాలుగు మరల్లో మూడు వచ్చాయి.
నాలుగోదాని తల అరిగిపోయి తిరగనంది.
"సముద్రం తినేసిందండీ" అంది నీలవేణి
పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ పెట్టుకుని,
సముద్రం మా షాపుకి బాకీ ఉన్న మనిషైనట్టు.

అల్లిపురంలో ఇరవై రెండేళ్ళు ఒక్క బల్ల మీదే ఉన్న డబ్బా ఇది.
మూత తీస్తే పోర్టు నుంచి వచ్చిన నల్లధూళి,
బల్లిగుడ్డు పెంకు,
నేనే పోగొట్టానని సింహాచలం
వారంపాటు మాటలు మానేసిన సొరుగు తాళంచెవి.

ఆ తర్వాత ఇంకోసారి మానేశాడు.
అది బోర్డు గొడవ. మూడేళ్ళయింది.
ఇప్పుడు గాజువాకలో ఫ్లెక్సీలు వేస్తున్నాడట.

డ్రైవు నా అరచేతిలో పెట్టింది.
అరకిలో జీడిపప్పు పొట్లమంత బరువు.
మేం ముహూర్తాలు అచ్చేసిన దంపతుల పిల్లల
ఓణీల కార్డులు కూడా దీంట్లోనే ఉన్నాయి.

కాపీ అవుతోంది.
ఇంకా పదకొండు నిమిషాలంటుంది,
కాదు నాలుగు గంటలంటుంది,
మళ్ళీ పదకొండు నిమిషాలే అంటుంది,
మద్దిలపాలెంలో బస్సు ఎప్పుడు కదులుతుందంటే
కండక్టరు చెప్పినట్టు.
రెండుసార్లు టీ తెప్పించాను.

కొత్త లాప్‌టాప్‌లో ఒక కార్డు తెరిచాం.
'శ్రీరస్తు' ఉండాల్సిన చోట
ఒక డాలరు, రెండు కొమ్ములు, తలకిందులైన ప్రశ్నార్థకం.
పెళ్ళికూతురి పేరంతా ఖాళీ గళ్ళు.
"అక్షరాలొచ్చాయండీ, వాటి మొహాలే రాలేదు."
ప్రోగ్రామ్ కూడా కాపీ చేసెయ్యమ్మా అన్నాను.
నవ్వింది.
"ఫైలంటే మూటండీ, నెత్తినెట్టుకు పోవచ్చు.
ప్రోగ్రామంటే చిక్కుడుతీగ.
పందిట్లో ఎక్కడెక్కడ చుట్టుకుందో దానికే తెలీదు.
మళ్ళీ విత్తనం నుంచే వెయ్యాలి.
సీడీ ఉందా? దాని నంబరు కాయితం?"

సీడీ ఉంది.
కాయితం సంగతి ఎవరికి తెలుసో నాకు తెలుసు.

ఫోను చేతిలో పట్టుకుని బయటికొచ్చాను.
ఆటో పోయింది. కొబ్బరిబొండాల బండి పోయింది.
"ఏటి" అన్నాడు, హలో కూడా లేకుండా,
నిన్న సాయంత్రమే షట్టరు దించి విడిపోయినట్టు.
నంబరు కాయితం, అన్నాను.
"క్యాలెండరెనకాల సూడు. గోడకి అంటించేను."
ఉంది. చెమ్మకి పసుపెక్కి,
చివరి అంకె మూడో ఎనిమిదో తేలకుండా.
"ఎనిమిది" అన్నాడు, నేను అడక్కముందే.

మొహాలొచ్చాయి.
గళ్ళు కదిలి ఒత్తులయ్యాయి, గుడులయ్యాయి.

అతనింకా ఫోను పెట్టలేదు.
గాజువాక లారీల హారన్లు వినిపిస్తున్నాయి.
"'తప్పులు' వచ్చిందా?"
ఏం తప్పులు?
"ఆ పేరుతో ఫోల్డరొకటుంటాది, సూడు."

ఉంది. నూట నలభై ఒక్క ఫైళ్ళు.
మనం డబ్బు తిరిగిచ్చినవన్నీ దాచాడు.
'చిరంజీవి' బదులు 'చిరజీవి'.
పెద్దకర్మ కార్డు అడుగున 'విందు వినోదములు కలవు'.
అప్పుడు ఆ పెద్దాయన కొడుకు కొట్టినంత పని చేశాడు.
నీలవేణి పడీపడీ నవ్వింది.

చిట్టచివర మా బోర్డు.
ఎర్ర అక్షరాలు, పసుపు అంచు:
'సింహాచలం అండ్ డి.టి.పి. సెంటర్'.
అండ్ తర్వాత పైడిరాజు లేడు.
ఆ 'అండ్' మాత్రం
పక్కవాడికి సీటు ఉంచినట్టు కూర్చుని ఉంది.

ఎప్పుడు దాచాడు దీన్ని?
నేను అరిచి బోర్డు దించేయించాకా,
అంతకుముందేనా?
తేదీ చూశాను. జనవరి ఒకటి, రెండువేల రెండు.
అన్ని తేదీలూ అవే.
లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది,
ఆ యంత్రం ఏ పొద్దున లేచినా
దానికి అదే రోజు.

"వచ్చిందా?" అంటున్నాడు.
నీలవేణి మూత బిగిస్తోంది, మూడు మరలతోనే.
నాలుగోది బల్ల మీద దొర్లుతుంటే
వేలితో ఆపాను.
వచ్చింది, అన్నాను.